పందెం ముంత

క్షయ వచ్చినవాడు మొట్టమొదట నేర్చుకునేది దగ్గును దాచుకోవడం. మందులు, పథ్యం, విశ్రాంతి తర్వాత ఎవరో ఒకరు నేర్పుతారు. ఇది మాత్రం ఎవరూ నేర్పకుండానే వస్తుంది. దగ్గు గొంతు దాకా వచ్చినప్పుడు గుక్క పట్టి మింగేయాలి, లేదా పెద్దగా నవ్వి ఆ నవ్వులో కలిపేయాలి. నేను రెండో పద్ధతిలో ఆరితేరాను. ఆ రోజుల్లో నన్నెరిగినవాళ్ళు నేను సరదా మనిషినని అనుకునేవారు.

ముప్ఫయ్యారేళ్ళు బడిపంతులుగా పనిచేసి విరమించాను. పదహారో ఏట మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. వాన పడిందీ లేనిదీ, బడికి ఎంతమంది పిల్లలొచ్చిందీ, నేను ఏం తిన్నదీ ఏ రోజుకారోజు రాసుకోవడం నా అలవాటు. 1957 నుంచి 1962 దాకా ఉన్న ఆరు పుస్తకాలు బల్లమీద పెట్టుకుని ఇది రాస్తున్నాను. నా జబ్బు నయమైంది. ఆ కథ వేలమందికి జరిగిందే. నేను రాయవలసింది నా వల్ల మరొకరికి వచ్చిన జబ్బు గురించి. ఆయన బతికున్నంతకాలం ఈ సంగతి బయటపెట్టనని మాటిచ్చాను. ఆయన ముసలితనంతో, తన మంచం మీద, తన వాళ్ళ మధ్య కన్నుమూసి రెండేళ్ళయింది.

1957 నవంబరు నుంచి శివరాత్రి దాకా

మా ఊరు గురజాల తాలూకాలో కృష్ణ ఒడ్డున ఉంది. నా బడి ఏటికి ఎగువన రెండు మైళ్ళ దూరంలో ఒక చిన్న పల్లెలో ఉండేది. బండల మీద నడిచి పోవడం కంటే పుట్టిలో పోవడం సులువు. పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, తోలు కప్పి తారు పూసిన బుట్టపడవ. దాన్ని నడిపే కోటయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద. పల్లెకారుల కుటుంబం. తాతల నాటి నుంచి వాళ్ళది రేవు పనే. నేను ఊరి బయటి పేటలో పుట్టి, మిషను బడిలో చదువుకుని పంతులునైనవాణ్ణి. మా వాళ్ళు దోసిలి పడితే ఎవరో ఎత్తు నుంచి నీళ్ళు పోసే రోజులవి. నేను పంతులునయ్యాక కూడా రేవు దగ్గర టీ బంకులో నా గ్లాసు చూరులో వేరుగా ఉండేది.

పుట్టి ఎక్కిన మొదటి వారమే కోటయ్యన్న రెండో తెడ్డు నా ఒళ్ళో పడేశాడు.

"ఊరికే కూకోటానికి నువ్వేమన్నా కలెక్టరువా పంతులా? వెయ్యి."

అట్లా అప్పటికి ఆరేళ్ళుగా వేస్తున్నాను. పుట్టికి ముందూ వెనకా లేదు. ఒక్కడే అయితే ముందుకు వంగి అటూ ఇటూ మార్చి నీళ్ళు లాగాలి. ఒక పక్కనే వేశాడా, అది తిరగలిలా తన చుట్టూ తాను తిరుగుతుంది. ఇద్దరైతే చెరో పక్కన, మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చుని, రెండు తెడ్లూ ఒకే క్షణాన నీళ్ళలో పెట్టాలి. ఒకడు ఊపిరి తీసేటప్పుడు రెండోవాడూ తీయాలి. ఇందులో బలం కంటే ఈ పొత్తే ముఖ్యం.

శివరాత్రి తిరునాళ్ళకు మా రేవులో పుట్ల పందెం జరిగేది. ఎదురు నీటిలో మైలు దూరానున్న పెద్ద గుండు దాకా వెళ్ళి, దాన్ని చుట్టి వెనక్కి రావాలి. బయలుదేరే ముందు ఒక పుట్టి ఎక్కే ఇద్దరూ ఒకే మట్టి ముంతలో అంబలి తాగాలి. ఎత్తి పోసుకోకూడదు, మూతి పెట్టి తాగాలి. ముందు పెద్దవాడు మూడు గుటకలు, తర్వాత చిన్నవాడు మూడు గుటకలు. ఆ ముంతను రేవు బండకేసి పగలగొట్టి ఎక్కాలి. ఒకరి ఎంగిలి ఒకరు తాగనివాళ్ళ తెడ్లు కలవవని రేవులో మాట. అందుకని అన్నదమ్ములో మామా అల్లుళ్ళో తప్ప జత కట్టేవారు కాదు. పేటవాడు పందెం పుట్టి ఎక్కడం ఎవరూ ఎరగరు.

ఆ నవంబరులో కోటయ్యన్న తన తమ్ముడు వీరయ్యను కాదని నన్ను జతగా ఎంచుకున్నాడు.

"ఏందన్నా, మనోళ్ళు సచ్చినారా?" అన్నాడు వీరయ్య రేవులో అందరి ముందూ.

"సావలా. తాగి పండుకున్నారు. పంతులు తాగడు, లెక్క తప్పడు. నాకు గెలవాలనుంది. నీకుందా?"

వీరయ్య తెడ్డు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వచ్చి డైరీలో ఒకే వాక్యం రాశాను: "నన్ను అడిగాడు." దాని కింద రెండు గీతలు గీశాను.

రోజూ బడికి ముందు సాధన. గుండు దాకా ఎన్ని తెడ్లు పడ్డాయి, ఎంతసేపు పట్టింది, గాలి ఎటునుంచి వీచింది, అన్నీ గడియారం చూసి రాసుకునేవాణ్ణి.

"ఏరు గడియారం చూసుకుని పారుద్దా పంతులా?" అని నవ్వేవాడు కోటయ్యన్న. కానీ మర్నాడు పుట్టి ఎక్కగానే, "నిన్న ఎంతొచ్చింది?" అని అడిగేవాడు.

డిసెంబరు రెండో వారంలో దగ్గు మొదలైంది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లవారేసరికి చొక్కా తడిసి ఉండేది. చన్నీళ్ళ మీద పొగమంచులో తిరగడం వల్ల అనుకున్నాను. జనవరిలో ఒక ఉదయం దగ్గి నోరు తుడుచుకుంటే తుండు ఎర్రగా ఉంది. దాన్ని ఏట్లో జాడించి, ఎండబెట్టుకుని, బడికి వెళ్ళి ఎక్కాలు చెప్పాను.

ఆ శనివారం ఎవరికీ చెప్పకుండా నరసరావుపేట వెళ్ళాను. డాక్టరు గారి వరండాలో బల్ల మీద పొద్దుటి నుంచి కూర్చున్నాం. నా పక్కన బొల్లాపల్లి నుంచి మనవణ్ణి తీసుకొచ్చిన ఒక ముసలమ్మ. మూట విప్పి జొన్నరొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. నేను ఎవరినని అడగలేదు. అట్లా అడగకుండా నాకు తిండి పెట్టినవాళ్ళు అప్పటికి తక్కువ. లోపలికి వెళ్ళి వచ్చాక, "ఏం చెప్పాడు నాయనా?" అంది.

"జలుబేనంట అవ్వా."

"మావాడికీ ముందు అదే అన్నారులే," అంది, నా మొహం వైపు చూడకుండా.

ఆ జబ్బు గురించి నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. లోపల డాక్టరు గారు చెప్పిన మాటలు వేరు. కంచం, గ్లాసు, పడక వేరు పెట్టుకోవాలి. ఎవరికీ దగ్గరగా కూర్చుని దగ్గకూడదు. ఏ శ్రమా కూడదు. శానిటోరియానికి ఉత్తరం రాసిస్తాను, వెంటనే వెళ్ళాలి. నేను, "ఒక నెల ఆగవచ్చాండీ?" అన్నాను. ఆయన కాగితం మీంచి తలెత్తలేదు. "ఆ మాట నన్ను కాదు, జబ్బునడగాలి," అన్నాడు.

ఆ రాసిచ్చిన ఉత్తరం డైరీ అట్టలో పెట్టాను. ఆ రోజు పేజీలో "దగ్గు తగ్గింది" అని రాశాను. ఇన్నేళ్ళ డైరీలలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరి కోసం రాశానో ఇప్పటికీ చెప్పలేను.

ఇంట్లో మాత్రం డాక్టరు చెప్పినట్టే చేశాను. నా కంచం వేరు పెట్టుకున్నాను. ఆ చలిలో అరుగు మీద పడుకున్నాను. రెండేళ్ళ కూతురు చేతులు చాపితే ఎత్తుకోలేదు. నా భార్య కరుణమ్మ నాలుగు రోజులు చూసి అయిదో రోజు అడిగింది. ఉత్తరం తీసి చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు.

"కోటయ్యన్నకు చెప్పావా?"

"చెప్తాను."

"ఎప్పుడు?"

"పందెం అయినాక."

"నీ బిడ్డనేమో ముట్టుకోవు. ఆయన పక్కన మాత్రం రోజూ కూకుంటావు. ఆయనకు బిడ్డల్లేరా?"

"ఇరవై రోజులేనే. ఇంకో ఏడు నన్నెవరు పిలుస్తారు? మన పేటోణ్ణి ఎవరైనా ఎప్పుడైనా పిలిచారా?"

"పిలిచినాయన కాబట్టే అడుగుతున్నా," అని లోపలికి వెళ్ళింది.

ఆమె వెళ్ళి చెప్పేస్తుందేమోనని ఆ రాత్రంతా భయపడ్డాను. తర్వాత ఎప్పుడో అంది, నేనే చెప్తానని నమ్మిందట.

శివరాత్రి నాడు రేవు నిండా జనం. పదకొండు పుట్లు వరసగా ఉన్నాయి. డప్పు మోగుతోంది. కోటయ్యన్న భార్య నాగమ్మ వదిన అంబలి ముంత తెచ్చి ఆయన చేతికిచ్చింది. పెద్దవాడు కాబట్టి ఆయన ముందు తాగాలి. ఆయన ముంత తాగకుండా నా వైపు చాపాడు.

"పంతులు ముందు," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేట్టు.

జనంలో గొణుగుడు మొదలైంది. "ఒరే కోటిగా, మతుండే చేస్తున్నావా?" అని ఎవరో అరిచారు. నేను ముంత పట్టుకుని నిలబడ్డాను.

"మూతి పెట్టి తాగబ్బా. ఎత్తి పోసుకున్నావంటే ఏట్లో తోస్తా," అన్నాడాయన నవ్వుతూ.

అప్పుడు నాకు బాగా గుర్తుంది, "నువ్వు పెద్దోడివి, నువ్వే ముందు అన్నా" అనే మాట నా నాలుక చివర ఉంది. అది మర్యాదైన మాట. ఎవరికీ అనుమానం రాదు. ఆయన ముందు తాగితే నా ఎంగిలి ఆయనకు అంటదు. ఒక్క మాట చాలు. కానీ మూడొందల మంది చూస్తుండగా పేటవాడికి ముందు వచ్చిన ముంత అది. మా నాన్న ఆ జనంలో వెనక ఎక్కడో ఉన్నాడు. నేను తాగాను. మూడు గుటకలు. కోటయ్యన్న ముంత తీసుకుని, అటూ ఇటూ తిప్పకుండా, నేను తాగినచోటే మూతి పెట్టి తాగాడు. తడిసిన మీసం తుడుచుకోకుండానే జనం వైపు ఒకసారి చూసి ముంతను బండకేసి కొట్టాడు.

మేమే గెలిచాం. దాని గురించి వేరే పేజీలు నింపుకున్నాను, ఇక్కడ అక్కర్లేదు. గుండు చుట్టి తిరిగేటప్పుడు నా ఎడమ రొమ్ములో కత్తి దిగినట్టయింది. తెడ్డు మాత్రం తప్పలేదు. ఒడ్డుకు వచ్చి నీళ్ళలో ఉమ్మితే ఎర్రగా పడింది. కోటయ్యన్న చూశాడు.

"ఏందది?"

"పెదవి కొరుక్కున్నా."

"పందెం అంటే అట్టా ఉండాల!" అని నా వీపు చరిచాడు.

1958

మార్చిలో బడిలో పడిపోయాను. అప్పుడు ఉత్తరం పట్టుకుని శానిటోరియానికి వెళ్ళాను. పదకొండు నెలలు ఉన్నాను. సూదులు, బిళ్ళలు, ఊపిరితిత్తి కదలకుండా పొట్టలోకి గాలి ఎక్కించడం, ఇవన్నీ అక్కడ ఉన్న అందరికీ ఒకటే. ఎక్కువ బాధ పెట్టింది మందు కాదు, పని లేకపోవడం. కదలకుండా పడుకోవడమే అక్కడ వైద్యం. గుండు దాకా ఎన్ని తెడ్లో లెక్కపెట్టినవాణ్ణి పైకప్పు దూలాలు లెక్కపెట్టాను. పక్క మంచం మీది వినుకొండ దర్జీ ఒకాయన నా చొక్కాలు వదులైపోతున్నాయని చేతులు ఊరుకోక కుట్లు బిగించి ఇచ్చేవాడు. నెల తర్వాత మళ్ళీ లావయితే అవే కుట్లు విప్పేవాడు. "మీరు పాసయ్యారు మేష్టారూ," అనేవాడు విప్పినప్పుడల్లా. ఆయన మంచం ఒక ఉదయం ఖాళీగా ఉంది. నా చొక్కా ఒకటి సగం కుట్లతో ఆ దిండు కింద దొరికింది.

కరుణమ్మ నెలకోసారి వచ్చేది. మా వాళ్ళు తలుపు దగ్గర నిలబడి మాట్లాడి వెళ్ళేవారు. కోటయ్యన్న మాత్రం సరాసరి వచ్చి నా మంచం మీద కూర్చునేవాడు. ఎండుచేపల పొట్లం తెచ్చేవాడు, ఆ వాసనకు నర్సులు తిట్టేవారు.

"కిటికీ కాడ కూర్చో అన్నా," అనేవాణ్ణి.

"సిగ్గేంది పంతులా నా కాడ?"

మూడోసారి వచ్చినప్పుడు తల వంచుకుని, "నా వల్లే వచ్చింది నీకు," అన్నాడు. "గెలవాలని నిన్ను గానుగెద్దులా తిప్పాను. నీదేమో చదువుకున్న ఒళ్ళు. చన్నీళ్ళలో నానబెట్టి ఊపిరితిత్తులు పాడుచేశాను. వీరయ్య నాయాలకైతే ఏం కాకపోను. నన్ను ఏమనుకోమాక."

అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. ఆయన తప్పు లేదని చెప్పాలంటే నాకు ముందే తెలుసని చెప్పాలి. నేను, "అట్లా ఏం కాదులే అన్నా," అన్నాను. ఆ మాట అన్న తీరుకు ఆయన దాన్ని క్షమాపణ అనుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పేజీలో "కోటయ్య వచ్చాడు. చేపలు" అని మాత్రమే రాసి ఉంది.

1959 - 1960

ఫిబ్రవరిలో ఇంటికి వచ్చాను. నా కూతురు నన్ను గుర్తుపట్టలేదు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం రేవులో కూర్చున్నప్పుడు కోటయ్యన్న దగ్గాడు. ఆయన దాచుకోవడం ఎరగడు. నోరంతా తెరిచి దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలిసిన దగ్గు. బుగ్గల మీద ఆ సాయంత్రపు ఎరుపు కూడా నాకు తెలుసు.

ఆలస్యం చేయలేదు. నా లెక్కలో నాకు అనుకూలంగా రాసుకోగలిగింది అదొక్కటే. మర్నాడే ఆయన్ను శానిటోరియానికి తీసుకెళ్ళాను. అక్కడి వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఎక్స్‌రే ప్లేటు చూసి, నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ తలూపింది. ఆయన్ను బయటికి పంపి నేను అడిగాను, ఒకే ముంతలో తాగితే వస్తుందా అని. జరిగిందంతా ఆమెకు చెప్పాను. ఇంటి బయట ఒక మనిషికి చెప్పడం అదే మొదలు.

"ముంత సంగతి వదిలేయండి," అందామె. "ముంత వల్ల కాదు, ఊపిరి వల్ల వస్తుంది ఇది. పడవలో ఎంత దూరంలో కూర్చునేవారు?"

"మోకాలికి మోకాలు తగిలేట్టు."

"జబ్బని తెలిశాక ఎన్ని రోజులు?"

డైరీ ఉంది కాబట్టి నాకు తెలుసు. "ఇరవై ఆరు ఉదయాలు."

ఆమె ఆ అంకె కాగితం మీద రాసుకుంది. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

ఇక ఊళ్ళో జరిగింది చెప్పాలి. ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా కాల్చింది అదే. కోటయ్యకు క్షయ అని తెలియగానే రేవంతా ఒకటే మాట. పేటోడి ఎంగిలి తాగాడు, అందుకే వచ్చింది. పెద్దవాళ్ళు ఊరికే నియమం పెట్టారా అన్నారు. వీరయ్య ఉమ్మడి ఇంటి మధ్య తడిక కట్టాడు. కోటయ్యన్న ఆ తడిక అవతలికి వినపడేట్టు అరవడం నేను విన్నాను. అరుస్తూ మధ్యలో దగ్గుతున్నాడు.

"ఎంగిలికి రోగం వస్తే మీరు తాగే కల్లు ముంతల్లో ఎన్ని ఎంగిళ్ళు లేవురా! రోగానికి కులం తెలుసా? పంతులు నాకంటే శుభ్రమైనోడు. ఇంకోసారి ఆయన పేరెత్తావంటే తమ్ముడివని చూడను."

నేను ఆ తడిక పక్కనే నిలబడి ఉన్నాను, చేతిలో సూది డబ్బాతో. శానిటోరియంలో కాంపౌండరు దగ్గర ఇంజెక్షను ఇవ్వడం నేర్చుకున్నాను. కోటయ్యన్న అక్కడ ఉండనన్నాడు, ఏరు కనపడకపోతే చస్తానన్నాడు. డాక్టరమ్మ చివరికి నా పూచీ మీద ఇంటికి పంపింది. రోజూ పొద్దున్నే సూది మరగబెట్టి, ఆయనకు మందు ఎక్కించి, బిళ్ళలు మింగేదాకా ఎదురుగా నిలబడేవాణ్ణి. ప్రతి సూదికీ డైరీలో ఒక గీత.

"బళ్ళో బెత్తం, ఇంట్లో సూది. నీ పాలబడ్డోడు బాగుపడడా?" అనేవాడు. నాగమ్మ వదిన గుమ్మంలో నిలబడి, "ఏ జన్మ రుణమో తమ్ముడూ, సొంత తమ్ముడు తడిక కట్టాడు, నువ్వు సూది పట్టావు," అని కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

సంవత్సరం పైన ఆ మాటలు రోజూ విన్నాను. ఒక్కరోజూ నోరు విప్పలేదు. మందు మధ్యలో చెబితే నన్ను వెళ్ళగొట్టి మందు మానేస్తాడని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. ఆ సగాన్ని అడ్డం పెట్టుకుని బతికాను.

1961

జనవరిలో ఉమ్మి పరీక్షలో ఏమీ లేదని కాగితం వచ్చింది. రెండు నెలలాగి, డాక్టరమ్మ ఒప్పుకున్నాక, ఒక ఉదయం ఆయన్ను పుట్టిలో కూర్చోబెట్టాను. సన్నబడిన చేతులతో తెడ్డు పట్టుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. మెల్లగా ఏటి నడుమకు వచ్చాం. ఎగువన ఆనకట్ట పని జరుగుతున్న వైపు నుంచి బండలు పేల్చే శబ్దం ఉండుండి వస్తోంది. నేను తెడ్డు ఒళ్ళో పెట్టుకుని మొత్తం చెప్పాను. నరసరావుపేట, ఉత్తరం, వేరు కంచం, ఇరవై ఆరు ఉదయాలు, పెదవి కొరుక్కున్నానన్న మాట.

ఆయన తెడ్డు ఆగలేదు. ఒక పక్కనే వేస్తూ ఉన్నాడు, చూపు నీళ్ళ మీద పెట్టి. పుట్టి తిరగడం మొదలైంది. ఒడ్డు, గుండు, అవతలి ఒడ్డు, మళ్ళీ మా ఒడ్డు. చాలాసేపు అట్లా తిరిగాం.

"అందరితో తగాదా పడ్డాను," అన్నాడు చివరికి. "తమ్ముడు తడిక కట్టి దూరమయ్యాడు. వాళ్ళు చెప్పేది అబద్ధమని అరిచి అరిచి గొంతు పోయింది. నువ్వు వాళ్ళ మాట నిజం చేశావు గదయ్యా."

"ముంత వల్ల రాలేదంట అన్నా. డాక్టరమ్మ చెప్పింది. నీ పక్కన కూర్చుని దగ్గాను, దానివల్ల."

ఆయన తెడ్డు ఆపాడు. పుట్టి ఇంకా తిరుగుతూనే ఉంది.

"అంటే ముంతది తప్పేం లేదు."

"లేదు."

"మీ పేటదీ లేదు."

"లేదు."

"తప్పు నీది. నీ ఒక్కడిదే."

"అవునన్నా."

"రేవులో అందరి ముందూ చెప్పేస్తాను," అని నేనే మళ్ళీ అన్నాను. అట్లా చెబితే బరువు దిగుతుందని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను.

"నోర్ముయ్!" అని అరిచాడు. నన్ను ఆయన అట్లా అనడం అదే మొదలు, చివర. "చెప్తే వాళ్ళకు డాక్టరమ్మ మాట వినపడుద్దా? పేటోడి వల్లే వచ్చిందని మాత్రం వినపడుద్ది. ఇంక మీవాడికి ఎవడైనా ముంత ఇస్తాడా? నువ్వు కడుపు తేలిక చేసుకోటానికి మీవాళ్ళందరినీ ముంచుతావా? నేనున్నన్నాళ్ళూ చెప్పమాక. మొయ్యి."

నన్ను రేవులో దింపి వెనక్కి చూడకుండా వెళ్ళాడు. ఆ తర్వాత పది నెలలకు పైగా నాతో మాట్లాడలేదు. నేను బండల దారిన నడిచి బడికి వెళ్ళేవాణ్ణి. పుట్టి నా పక్కనుంచే ఏట్లో పోయేది. బిళ్ళలు మాత్రం మానలేదు. నాగమ్మ వదిన ఖాళీ సీసా కరుణమ్మకు పంపేది, నేను నింపి పంపేవాణ్ణి. ఏం జరిగిందని వదిన ఒక్కసారి కూడా అడగలేదు.

1962 శివరాత్రి

నేను జనంలో వెనక నిలబడ్డాను, మా నాన్న నిలబడే చోట. నాన్న అంతకు ముందు ఏడాదే చనిపోయాడు. పుట్లు వరసగా ఉన్నాయి. ఆఖరి పుట్టి పక్కన కోటయ్యన్న ఒక్కడే ఉన్నాడు, జత లేకుండా.

"ఏం కోటయ్యా, ఒక్కడివే తిరుగుతావా తిరగలి?" అని ఎవరో ఎగతాళి చేశారు.

"పంతులెక్కడ చచ్చాడు?" అన్నాడు కోటయ్యన్న.

జనం పక్కకు తప్పుకుంటే నడిచి వెళ్ళాను. ఆయన నా మొహం చూడలేదు. నాగమ్మ వదిన చేతిలోంచి ముంత తీసుకుని పట్టుకున్నాడు.

"ఒంట్లో ఎట్టా ఉంది?"

"బాగుంది."

"నిజం చెప్పు."

జేబులో మడతపెట్టిన కాగితం తీశాను. మొన్న డిసెంబరుది. అది ఎక్కడికి వెళ్ళినా నా దగ్గరే ఉండేది. ఆయనకు చదువు రాదు. "చదువు," అన్నాడు. పందెం వాళ్ళు, డప్పువాళ్ళు, వీరయ్య, అందరూ వింటుండగా చదివాను. క్రిములు లేవని ఉంది. ఆయనా రొంటిలోంచి తన కాగితం తీసి నాకిచ్చాడు. అదీ చదివాను. ముంత ముందు ఈ కాగితాలెందుకో రేవులో ఎవరికీ అర్థం కాలేదు.

ఆయన ముంత నా వైపు చాపాడు.

"నువ్వు పెద్దోడివి," అన్నాను. నాలుగేళ్ళ కింద అనవలసిన మాట. "నువ్వు ముందు అన్నా."

"అప్పుడు అనలేదు గదా, ఇప్పుడూ అనమాక," అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు. "నేను ముందు తాగితే వాళ్ళు గెలిచినట్టు. ముంతది తప్పు లేదని నువ్వే చెప్పావు. తాగు."

మూతి పెట్టి మూడు గుటకలు తాగాను. ఆయన ముంత తీసుకున్నాడు. తిప్పలేదు. ఆ రోజు పందెంలో మాది ఆఖరి పుట్టి. గుండు దాకా వెళ్ళలేక సగం దారిలో తిరిగి వచ్చాం, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాం. ఆయన నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు, నేను అడగలేదు. ఆనకట్ట వచ్చి నీటి వాలు మారి పందెం ఆగిపోయేదాకా ఏటా అట్లాగే కాగితాలు చదువుకుని, ఆఖరున వచ్చాం. ఒకటి రెండు ఏళ్ళకు తక్కిన పుట్లవాళ్ళు కూడా ముంత ఎత్తే ముందు ఒకరినొకరు "ఒంట్లో ఎట్టా ఉంది?" అని అడగడం మొదలుపెట్టారు. ఎందుకో వాళ్ళకు తెలియదు. కోటయ్య అడుగుతాడు కాబట్టి అడిగేవారు. అడిగితే దాచకూడదన్నది మాత్రం రేవులో నియమమైంది.

కానీ నేను ఆ రోజు పేజీలో అవేవీ రాయలేదు. ఆయన తల పైకెత్తి తాగుతుంటే ఆయన గొంతునే చూస్తూ నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. ముంత బండకు తగిలి పగిలేదాకా నేను ఊపిరి తీయలేదు. అదే రాశాను.